గుమ్మడి టేకు మంచం

మా ఆయన వడ్రంగి. బిర్సానగర్‌లో ముందువైపు ఒక్క షట్టరు కొట్టు, వెనకాల రెండు గదుల ఇల్లు. వాళ్ళ నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి రైల్వే పనికి టాటానగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు పిల్లలు లేరు. కొయ్యడం, కూర్చడం ఆయన పని. గరుకు కాగితంతో రుద్ది పాలిషు పట్టడం నా పని. అందుకని తయారైన చెక్క నాకు బాగా తెలుసు. ఏ పలక దేనికి పనికొస్తుందన్నది మాత్రం నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆయనకి పక్షవాతం వచ్చాక ఆ అవసరం పడింది.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్న కుర్చీ కాలు చిత్రిక పడుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి ఉన్నాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదేమో. ఒక్క మాట మిగిలింది: ఉల్టా. పని చేస్తున్నంతసేపూ ఆయన నోట్లో నలిగే మాట అది. ఇప్పుడు ఆకలేసినా అదే, దాహమేసినా అదే, నన్ను పిలవాలన్నా అదే. చెప్పాలనుకున్నది వేరే అని, నోట్లోంచి వచ్చింది అది కాదని ఆయనకి తెలుస్తూనే ఉండేది. అలా తెలియడమే నేను చూడలేకపోయేదాన్ని.

మా ఇంట్లో ఉన్నది ప్లైవుడ్డు మంచం. ఎవరికో చేసి పంపగా మిగిలిన ముక్కలతో కొట్టింది. మనిషి రాత్రనకా పగలనకా దానిమీదే ఉండిపోయేసరికి నడుం దగ్గర దిగిపోయింది. తుంటి మీద చర్మం ఎర్రబడి, చితికింది. కట్టు కట్టడానికి వచ్చే నర్సమ్మ, గట్టిగా సమంగా ఉండే మంచం వెయ్యకపోతే ఈ పుండు ఎముకదాకా వెళ్తుందని చెప్పింది.

కొట్టు అటక మీద గుమ్మడి టేకు పలకలుండేవి. ఈ ఊళ్ళో అందరూ గమ్హార్ అంటారు. మా ఇద్దరికీ ఒక మంచి మంచం చెయ్యాలని ఆయన దుంగ కొని, దగ్గరుండి కోయించి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి ఆరబెట్టాడు. వాళ్ళవీ వీళ్ళవీ ఆర్డర్లు వస్తూనే ఉండేవి. మా మంచం వెనక్కి పోతూనే ఉండేది. ఆదిత్యపూర్‌లో లేత్ మీద పనిచేసే మా మరిది ఆదివారం వచ్చి వాటిని దింపాడు. అతనికి ఇనుము తెలుసు గాని చెక్క తెలీదు. ఇద్దరం కలిసి మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకి పాత చీర కట్టి, కొట్టులోకి మోసుకొచ్చాం.

ముందుగా ఒక వెడల్పాటి పలక చూపించాను. దానిమీద గీతలు మంటల్లా ఒకదానిపైనొకటి లేస్తున్నాయి. పాలిషు పడితే అది ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఆయన దాని ముఖం చూడనే లేదు. ఎడంచేత్తో పలక కొస పట్టుకుని తనవైపు గుంజాడు. దుమ్ము పట్టిన ఆ కొసని చిత్రికతో గీసి తడిగుడ్డ అద్దాను. చెట్టు వలయాలు బయటపడ్డాయి, విల్లులా వంగి ఉన్నాయి. ఆయన అరచెయ్యి చాపి, నెమ్మదిగా దొన్నెలా ముడిచాడు.

"ఇలగ వంగిపోద్దనా?" అని అడిగాను.

తల ఊపాడు. ఇంటికొచ్చాక ఆయన చెప్పింది నాకు పూర్తిగా అర్థమవడం అదే మొదలు.

ఆ పూటంతా ఒక్కో పలక కొస గీసి, తడిపి, ఆయన ముందు పెట్టాను. కొసలో వలయాలు నిటారుగా నిలబడ్డ పలకల్ని ఒకవైపు పెట్టించాడు. వాటి ముఖం మీద సన్నటి తిన్నని గీతలు తప్ప ఏ సింగారమూ లేదు, గాని అవి ఎండకీ వానకీ అంతగా వంగవు. అలా కోస్తే దుంగలో చాలా చెక్క వృథా అవుతుందని మిల్లువాళ్ళు ఒప్పుకోరు. కాళ్ళకి వలయాలు ఒక మూల నుంచి ఎదుటి మూలకి నడిచే ముక్కలు ఏరాడు. పక్క పట్టీలకి కణుపు లేనివి, నార ఈ కొస నుంచి ఆ కొసదాకా తిన్నగా పోయేవి. ఒకదాని నార మధ్యలోనే జారి అంచులోంచి బయటికి పోతోంది, బరువు పడితే అక్కడే విరుగుతుంది. దాన్ని ఎడంకాలితో తన్నాడు. మా మరిది నవ్వాడు. నేనూ నవ్వాను.

కాళ్ళూ పట్టీలూ కుదిరాయి. పరుపు కింద పరిచే పలకలు రెండు తక్కువయ్యాయి. నేను మిల్లుకి వెళ్ళి, వలయాలు నిలువుగా ఉన్నవి కావాలన్నాను. రెండు పలకల కోసం దుంగ అలా కొయ్యడం కుదరదని, ఉన్నది తీసుకెళ్ళమని మిల్లతను హిందీలో తేల్చేశాడు. విల్లు వలయాలవే తెచ్చాను. పూర్తిగా ఆరలేదు కూడా.

వాటిని పరుస్తుంటే మా ఆయన కుర్చీలోంచి ఉల్టా అన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"నీళ్ళు గావాలేటి అన్నియ్యా?" అంటూ మా మరిది గ్లాసు అందించాడు. ఆయన తాగలేదు. నీళ్ళు గడ్డం మీంచి కారి చొక్కా తడిసింది. అలిసిపోయాడనుకుని కొత్త మంచం మీద పడుకోబెట్టాం. గోడవైపు ముఖం తిప్పుకున్నాడు.

చలికాలం వచ్చింది. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే పరుపు కింద గట్టిగా, గట్టులా ఏదో చేతికి తగిలింది. ఆయన్ని కుర్చీలోకి మార్చి పరుపు తీసి చూశాను. నేను తెచ్చిన రెండు పలకల అంచులూ పైకి లేచి ఉన్నాయి. వాటి కొసలు చూస్తే, చెట్టు గుండెవైపు కిందకీ బెరడువైపు పైకీ వచ్చేలా వేశాం. తిరగేసి వేసుంటే అంచులు కిందకి వంగి, వీపుకి తగిలేవి కావు.

"ఆ రోజు మీరు సెప్పింది ఇదేనా?"

కళ్ళు మూసుకుని తల ఊపాడు. నన్ను చూడమన్నా చూడలేదు. ఎడంచెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

మరుసటి ఆదివారం వాటిని తిరగేసి, మధ్యలో ఉబ్బు చిత్రికతో తీసి, స్క్రూలు బిగించాం. పుండు పెరగడం ఆగింది. అప్పట్నుంచి మధ్యాహ్నాలు కొట్టులోని తుక్కు ముక్కలు మంచం దగ్గరికి పట్టుకెళ్ళేదాన్ని. కొస చూపిస్తే, ఆరాక అది ఎటు వంగుతుందో చేత్తో చూపించేవాడు. నాకు నేర్పాలనో, తనకి తోచకో తెలీదు. నేను ముందే చెప్పేసి అది సరైతే నా వేలు నొక్కేవాడు.

శివరాత్రి ఇంకా రాకుండానే జ్వరం తగిలింది. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసారి ఆయన తిరిగి రాలేదు.

ఘాట్ నుంచి మా మరిది తడి తలతో వచ్చి గుమ్మం బయట కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"కట్టెలు పచ్చివి వొదినా," అన్నాడు. "సానాసేపు పట్టింది."

ఆయన పిన్ని, పోయిన మనిషి మంచం ఇంట్లో ఉంచకూడదని పట్టుబట్టింది. వాదించే ఓపిక లేదు. పక్క వీధిలో ఒకామె అత్తగారు మంచాన పడి ఉంది. ఆమె వచ్చి మొహమాటపడుతూ అడిగితే ఇచ్చేశాను. నలుగురు మనుషులు ఎత్తి సందు మలుపులో ఒకపక్కకి వాల్చినా, కాళ్ళలోకి దిగిన పట్టీల కుసి ఒక్కటీ కిర్రుమనలేదు. ఆ గదిలో చాప వేసుకున్నాను.

కొట్టు మొబైళ్ళు బాగుచేసే అతనికి అద్దెకిచ్చాం. ఇప్పుడు నేను ఖర్కాయ్ నది అవతల, ఆదిత్యపూర్‌లో ఒక ఫర్నిచర్ కార్ఖానాకి పోతున్నాను. అక్కడ చెక్క లేదు. పొట్టూ జిగురూ కలిపి ఒత్తిన బోర్డులు, పైన చెక్క గీతలు అచ్చు వేసిన కాగితం. అన్నీ ఒకేలా ఉంటాయి. వాటి అంచులకి ప్లాస్టిక్ పట్టీ అంటించి, బయటికొచ్చిన జిగురు గీకడం నా పని. పని బాగానే చేస్తానంటారు. సాయంత్రం పని అయిపోయిందని హారన్ మోగాక చేతులు కడుక్కుని ఆటో ఎక్కుతాను.