మేస్త్రీ పనిముట్టు

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులోకి మేస్త్రీ లక్ష్మీరాజం వచ్చాడంటే ముందు గొంతు వస్తుంది, వెనక మనిషి వస్తాడు. నిరుటిదాకా తనూ అక్కడే సాంచె మీద బట్ట నేసినవాడే. అప్పటి మేస్త్రీ కొట్టిన చెంపను కోపమొచ్చినప్పుడల్లా అరచేత్తో రుద్దుకుంటాడు. రుద్దుకుంటూనే ఎదుటివాడి అవ్వనీ బాపునీ ఎత్తి తిడతాడు. "భయం లేకుంటె సాంచె నడువది" అన్నదే అతని వేదాంతం. పోగు తెగినా, ఇప్పుడు ఆ సాంచె నడిపే పోశానిదే తప్పు, కరెంటు పోయినా పోశానిదే తప్పు. సేటు వస్తే మాత్రం ఆ గొంతు ఎటు పోతుందో, చేతులు కట్టుకుని గోడకు అతుక్కుపోతాడు.

దసరానాడు షెడ్డులో ఎవరి పనిముట్టుకు వాళ్లు మొక్కుతున్నారు. పోశం తన సాంచెకు బంతిపూల దండ వేశాడు. కండెలు చుట్టే సారక్క రాట్నానికి బొట్టు పెట్టింది. లక్ష్మీరాజం కొబ్బరికాయ పట్టుకుని, పాత అలవాటుకొద్దీ, పోశం సాంచె దగ్గరికే నడిచాడు. ఒకప్పుడు అది అతనిదే. పోశం అడ్డం నిలబడ్డాడు. "గిది నాది, మేస్త్రీ. నీ పనిముట్టుకు నువ్వు కొట్టుకో కాయ." లక్ష్మీరాజం చెయ్యి చెంప మీదికి పోయింది. "నాదేదిరా?" అని అరిచాడు. సారక్క కుంకుమ భరిణె తెచ్చి అతని ముందు చాచింది. ఇన్నాళ్లూ మింగిన తిట్లన్నీ ఆమె గొంతులో ఉడుకుతున్నాయి. "దేంతోని మాతోని పని చేపిస్తున్నవో, దానికి పెట్టు బొట్టు. నీ నోటికి పెట్టుకో." మర్నాడు పొద్దున తిట్టబోయి అతను నోరు తెరిచాడు. సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. షెడ్డంతా అతని వైపు తిరిగి, చేతులు జోడించి, ఆ నోటికి దండం పెట్టింది.