గొంతు ఆప్షనలట!

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్కకు చూపు లేదు. నర్సింహులపేట దగ్గర ఒక ఊళ్లో ఉంటుంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. ల్యాప్‌టాప్ ఒక్కో వచనం చెవిలో చెబుతుంటే, ఆ వెంటనే అక్క పైకి చదువుతుంది. కళ్లు లేని మనిషి చదవడమేమిటని నసిగిన పెద్దలతో పోట్లాడి సంపాదించుకున్న వంతు అది.

ల్యాప్‌టాప్ సంగతులు చూసేది జనగామలో ఉండే నేను. అందులో పెట్టిన సిస్టంలో ప్రోగ్రాములు తయారుగా రావు. మూల కోడ్ తెచ్చి మన మిషన్ మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి. ప్రతి ప్రోగ్రాముకూ ఒక రెసిపీ ఉంటుంది. ప్రోగ్రాం ఆసరా తీసుకునే వేరే కోడ్ ముక్కల్ని లైబ్రరీలంటారు; వాటిలో ఏది తప్పనిసరో, ఏది ఆప్షనలో అందులో రాస్తారు. ఆప్షనల్ అయితే దానికో స్విచ్చు. వేస్తే లైబ్రరీ కలుస్తుంది, వేయకపోతే అది లేకుండానే ప్రోగ్రాం తయారవుతుంది. మంచి పద్ధతే, నాకు ఇష్టం కూడా. అక్కరలేని బరువు మోయనక్కర్లేదు. కానీ అక్కర ఎవరిదో ఎవరు చెప్పాలి?

ఒక శనివారం పుస్తకాలు చదివే ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ వచ్చి, దానంతటదే కంపైల్ అయింది. రెసిపీ చూసుకునే మహానుభావులు, అంతవరకు తప్పనిసరిగా ఉన్న మాట్లాడించే లైబ్రరీని ఆప్షనల్ చేసి, స్విచ్చు ఆపేసి ఉంచారు. కంపైల్ ఎక్కడా ఆగలేదు. అక్క ల్యాప్‌టాప్‌లో మాట్లాడేది ఆ ఒక్క ప్రోగ్రామే.

ఆదివారం అక్క నిలబడి మీట నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. అందరూ చూస్తుండగానే సంఘపెద్ద మైకు తీసుకున్నాడు. "పరేషాన్ గాకమ్మా, వేరేటోళ్లు సదువుతరు తియ్యి" అన్నాడట.

మర్నాడు వెళ్లి స్విచ్చు వేసి మళ్లీ కంపైల్ చేశాను. గొంతు తిరిగొచ్చింది, వంతు రాలేదు. "జర చూద్దాం" అంటున్నారు పెద్దలు. అంటే అక్క కూడా ఇప్పుడు ఉంటే ఉంది, లేకుంటే లేదు.

కోపం ఆపుకోలేక రెసిపీ వాళ్లకు రాశాను. వాడేవాళ్లు తక్కువ, కావాల్సినవాళ్లు స్విచ్చు వేసుకోవచ్చు అని జవాబు. రంగురంగుల థీముల స్విచ్చు మాత్రం వేసే ఉంచారు! సిగ్గుండాలి. లైబ్రరీని మళ్లీ తప్పనిసరి చేస్తూ మార్పు పంపాను. ఇంకా తీసుకోలేదు.

ఆ జవాబు అక్కకు చదివి వినిపించాను.

"తీసేసేముందు ఒక్క మాట చెప్పొద్దారా తమ్మీ?" అంది.

"చెప్పిండ్రక్కా. శనివారం కంపైల్ అయినప్పుడే, వినబడాల్నంటే స్విచ్చు వేసుకోండి అని రాసిండ్రు."

"ఏడ రాసిండ్రు?"

"తెర మీద."

అక్క చెవిలో వైరు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తెర మీదనా?" అంది.