నాయన గుంజి చూసిన తాడు

మాది ప్రొద్దుటూరు. మా నాయనకు తాళ్ల అంగడి. లోయల మీద బిగించిన పట్టీపై నడవడం నా వృత్తి. మా వంశంలో తాళ్లు అమ్మినవాళ్లే గానీ, తాడెక్కినదాన్ని నేనొక్కదాన్నే.

రెండేళ్ల కిందట గండికోట లోయ మీద నేను నడుస్తుంటే చూడ్డానికి నాయన మొదటిసారి వచ్చాడు. "చూస్తా పాపా. నాకు భయమైతే మాత్రం ఇది మానేసి అంగట్లో కూర్చోవాల," అని షరతు పెట్టాడు. తాడో పేడో తేలిపోతుందని ఒప్పుకున్నాను.

లోయ మధ్యకు చేరానో లేదో, పట్టీ ఒక్కసారిగా అలలా ఎగిరింది. కాలు జారి పడిపోయాను. నడుముకున్న రక్షణ తాడు ఆపింది. కింద పారే పెన్నా నది మీద వేలాడుతూ గట్టు వైపు చూస్తే, నాయన పట్టీని రెండు చేతులతో గుంజి చూస్తున్నాడు! అంగట్లో అలా గుంజి చూడందే ఆయన ఏ తాడూ అమ్మడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు? ఇడ్సిపెట్టు!" అని మా జట్టువాళ్లు అరిచారు.

మళ్లీ పట్టీ ఎక్కి, మెల్లగా నాయన దగ్గరికి నడిచి వచ్చాను. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"భయమైందా నాయనా?"

"శానా," అన్నాడు. "నీకు కాలేదు కదా. భయపడినోడు నేను. అంగట్లో నేనే కూర్చుంటాలే," అన్నాడు.

ఆయన నన్ను నమ్మడం లేదని ఏళ్ల తరబడి అలిగాను. ఆయన అనుమానమంతా తాడు మీదేనని ఆ రోజు తెలిసి, నాకే సిగ్గేసింది.