ఇరవై మూడు రోజుల తేడా

2004 సెప్టెంబరు 27, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. హోసూరులో మా మిద్దె మీది కొత్త హాలులో, నా కూతురి ముందర, వడ్రంగికి నేను ఒక తప్పు తేదీ చెప్పాను.

కూతురు పిల్లలకు నాట్యం నేర్పేది. సిమెంటు నేల మీద అడుగులు వేసి పిల్లల మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని, విజయదశమి నుంచి చెక్క నేల మీద తరగతులు పెట్టాలనుకుంది. చెక్క కిందికి మేస్త్రీ ఆగస్టు 20న సిమెంటు పోశాడు. పది రోజులు నీళ్లు పట్టమన్నాడు. ఆ తర్వాత తడి మిగిలితే చెక్క ఉబ్బుతుందని, ఒక్క చెంబు కూడా పోయొద్దని కూతురు నాకు గట్టిగా చెప్పింది.

నేను పోశాను. 1993లో జవళగిరిలో మేమున్న ఇంట్లో మూడు రోజులే నీళ్లు పట్టి వదిలేసిన నేల ఏడాదికే పొడి రాలింది. ఊడ్చిన ప్రతిసారీ చేటలోకి సిమెంటు వచ్చేది. ఈ నేల అట్లా కాకూడదని, కూతురు తాను పాఠాలు చెప్పే బడికి పోగానే రోజూ నాలుగు బిందెలు పైకి మోశాను. ఆమె తిరిగి వచ్చేసరికి పైతడి ఆరిపోయేది. చివరి బిందె పోసింది సెప్టెంబరు 22న. అన్నీ నా నోటు పుస్తకంలో ఉన్నాయి.

వడ్రంగిది అత్తిముగం అనే ఊరు. హోసూరులో ఒక చెక్క అంగట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఒక పలకను అడ్డంగా తిప్పి అంచు చూపించాడు. పైన రూపాయి బిళ్లంత మందాన టేకు, దాని కింద చెక్కపొట్టు నొక్కి చేసిన అట్ట. అడుగున ప్లైవుడ్ పొరలున్న రకం కూడా ఉందట. కూతురు రంగు చూసి దీన్ని ఎంచుకుంది.

"పైన ఉండేది చూసేదానికమ్మా. ఆయుస్సంతా అడుగున ఉండేదాంట్లోనే" అన్నాడు.

అని, సిమెంటు మీద మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించాడు. తెల్లారేసరికి దాని అడుగున చెమట పడితే పని నిలపాలని, పట్టకపోతే పలకలు పరచవచ్చని చెప్పాడు. లేస్తూ లేస్తూ నన్ను అడిగాడు.

"నీళ్లు పట్టేది ఎప్పుడు నిలిపినారమ్మా?"

కూతురు నా వైపే చూస్తోంది.

"ఆగస్టు 30" అన్నాను.

"అమ్మ పుస్తకంలో రాసిపెట్టుకునే మనిషి. ఇంక ఈ ప్లాస్టిక్కు నాకేమి చెప్తుంది" అని, నేను పలకల లెక్క రాసుకోవడం చూసిన వడ్రంగి నవ్వి, అంటించిన కాగితం పీకేశాడు.

ఐదు రోజుల కిందట ఆపినదాన్ని ఇరవై ఎనిమిది రోజుల కిందట ఆపానన్నాను. తేడా ఇరవై మూడు.

మూడు రోజుల్లో తొంభై ఆరు పలకలు పరిచాడు. నా గది సరిగ్గా ఆ హాలు కింద. విజయదశమి నుంచి పిల్లల అడుగులు నా తల మీద పడేవి. చూడవచ్చినవాళ్లకు కూతురు నేల చూపించి, మా అమ్మ దగ్గరుండి చేయించింది, ఆమె లెక్క తప్పదు అనేది. ఆ మాట విన్నాక ఇక చెప్పలేకపోయేదాన్ని. నవంబరు మొదటి వారంలో అడుగుల చప్పుడు మారింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపించేది.

నవంబరు 17, బుధవారం, మధ్యాహ్నం మూడుంబావుకు చూద్దామని ఒక్కదాన్నే పైకి పోయాను. తలుపు నేలకు రాసుకుంటూ కష్టంగా తెరుచుకుంది. లోపలికి పోయి మూశాను. మళ్లీ లాగితే రాలేదు. వాకిలి దగ్గర పలకలు ఉబ్బి తలుపు కింద ఇరుక్కున్నాయి. టీలో ముంచిన రస్కులాగా అట్ట ఉబ్బింది, పైన టేకు మాత్రం మెరుస్తూనే ఉంది. కేకలు వేశాను, ఎవరికీ వినపడలేదు. రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు ఆ నేల మీదే కూర్చున్నాను.

కూతురు వచ్చి అంగడికి ఫోను చేసింది. వడ్రంగి బయటి నుంచి భుజం పెట్టి తోసి తలుపు విరగ్గొట్టాడు. వాకిలి దగ్గరి పలకలు నాలుగు పీకాడు. వెనకే వచ్చిన అంగడాయన కిందికి వంగి చూసి, పరీక్ష ఎందుకు చేయలేదని అడిగాడు. అమ్మ తేదీ చెప్పిందని ఇతను అన్నాడు.

"ఆమె చెప్తే పరిచేస్తావా? ఆమేమన్నా సిమెంటుకు డాక్టరా?"

వడ్రంగి ఒకసారి నా వైపు చూశాడు. పుస్తకం కింద నా గదిలో ఉంది. దిగితే పద్దెనిమిది మెట్లు. నేను దిగలేదు. రేపట్నుంచి పనికి రావద్దని అంగడాయన మా ముందరే చెప్పేశాడు.

నవంబరు 28, ఆదివారం, పుస్తకం సంచిలో పెట్టుకొని బస్సెక్కి అత్తిముగం పోయాను. వడ్రంగి వాకిట్లో నాగలికి పిడి చెక్కుతున్నాడు. పేజీ తీసి చూపించాను. అతను చూడనేలేదు.

"పలక పీకినప్పుడే కనపడిందమ్మా. నెల ఎండిన సిమెంటు అంత నల్లగా ఉండదు."

"మరి ఆడ ఎందుకు చెప్పలేదప్పా?"

"మీరు ఆడనే ఉండారు కదా. మీరు చెప్తారని చూసినాను."

ఆ సాయంత్రమే కూతురికి చెప్పాను. మరునాడు అంగడికి పోయి పేజీ చూపించాను. అప్పటికే ఆ పనిలో ఇంకొకరు చేరారు.

పోయినవి: పలకలు, తొంభై ఆరులో ఎనభై ఐదు. తలుపు ఒకటి. నాట్యం తరగతులు, ఎనిమిది వారాలు. ఒక మనిషికి పన్నెండేళ్ల పని. ఆ తర్వాత కూతురు నన్ను ఏ తేదీ అడగలేదు.