పిచ్చుక జవాబు

లెక్కల టీచరు పిచ్చుక లేకుండా ఆట మొదలుపెట్టదు. గోడ మీది తెరపై పిల్లలకు తలా ఒక పక్షి. అన్ని పక్షులూ తమ ట్యాబ్‌లలో జవాబు నొక్కితేగాని తర్వాతి ప్రశ్న రాదు. పిచ్చుక బొమ్మ పెట్టుకున్న పిల్ల పోయిన వానల్లో జ్వరమొచ్చి చనిపోయింది. ఆ బొమ్మను తీసేయడం చిటికెలో పని, ఆవిడ తీయలేదు. ఆ పిల్ల ట్యాబ్‌ను టీచరే చంటిబిడ్డలా చేతిలో పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంది. అందరూ నొక్కాక, చాలాసేపటికి, తనే నొక్కుతుంది. అప్పట్లో వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టే ఆ పిల్లను "నీ ఒక్కదాని కోసం ఇంతమందీ కాచుక్కూర్చోవాలా?" అని విసుక్కున్నదీ ఆవిడే. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "టీచర్, పిచ్చుక ఎవరు? ఇంకా నొక్కదేం?" మిగతా పిల్లలు తలలు దించుకున్నారు. టీచరు ట్యాబ్ వైపే చూస్తూ, "లెక్కపెట్టుకుంటోందమ్మా," అంది. "తొందరపెట్టకు."