నా వాటా పెట్రోలు

"సున్నా సూసుకోండి మేడం" అంటూ బంకులో పనిచేసే అమ్మాయి గొట్టం ట్యాంకులో పెట్టగానే పెట్రోలు ఘాటు ముక్కుకు కొట్టింది. వెనక సీట్లో పరుపుచుట్టకీ బకెట్టుకీ మధ్య ఇరుక్కున్న మా అమ్మాయి లహరి అప్పటికే ఫోనులో లెక్క తేల్చేసింది. చిత్తూరు నుంచి ఏర్పేడు ఎన్ని కిలోమీటర్లు, మా కారు లీటరుకు ఎంతిస్తుంది, పోనూ రానూ ఎంతవుతుంది, అన్నీ రెప్పపాటులో. ఏర్పేడు కాలేజీ హాస్టల్లో దాన్ని దింపి రావాలి. నేను దాని లెక్క వినకుండా ఇంకొంచెం ఎక్కువే పోయమన్నాను. "అమ్మా, వచ్చేటప్పుడు నువ్వూ నాన్నే కదా, పైగా సామాను కూడా ఉండదు. ఎందుకింత?" అని విసుక్కుంది. ఆ విసుగు నాకు కొత్త కాదు. సరిగ్గా దాని వయసులో కాకపోయినా, కాస్త అటూ ఇటూగా, నేను కూడా ఇదే మాట మీద ఒక మనిషితో పోట్లాడాను. ఆయన పేరు దస్తగిరి మామ.

మా వీధి చివర మామకు సీట్లు కుట్టే అంగడి ఉండేది. స్కూటరు సీటు చిరిగినా, లారీ సీటు కుంగినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎవరో తుక్కుకు వేయబోయిన అంబాసిడర్‌ను కొనుక్కుని, దానికి మెరూన్ రంగు సీట్లు తనే కుట్టుకున్నాడు. ఆ వీధికంతటికీ ఒకటే కారు. ఆసుపత్రికైనా, పెళ్ళికైనా, కాణిపాకం మొక్కుకైనా అదే గతి. బాడుగ మాటెత్తితే కోప్పడేవాడు. "పెట్రోలు మీది, బండి నాది, దారి దేవుడిది" అనేవాడు. ఇంతవరకూ వింటే ఎంత మంచి మనిషో అనిపిస్తుంది. మంచి మనిషే. కానీ ఆ పెట్రోలు లెక్క దగ్గర కూర్చున్నాడంటే మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేది.

ప్రయాణం రేపనగా సాయంత్రం మా వసారాలోకి వచ్చి బాసింపట్టు వేసుక్కూర్చునేవాడు. అమ్మ కాఫీ ఇచ్చేది. ఇక విచారణ మొదలు. ఎవరెవరు వస్తున్నారు? ఊరగాయ జాడీ ఏమైనా ఉందా? దారిలో చుట్టాల ఇంట్లో దిగే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఒకసారి మా మేనత్తను పట్టుకుని "నువ్వు ఎంత బరువుంటావు వదినా?" అని అడిగాడు. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం ఆ కారెక్కలేదు. నేను స్కూలు లెక్కల్లో గట్టిదాన్ని. దూరాన్ని మైలేజీతో భాగిస్తే అయిపోయేదానికి ఈ పురాణమంతా ఎందుకని నా బాధ. ఆ మాటే అంటే, "అది రోడ్డు లెక్క పద్మా, నేనేసేది మనుషుల లెక్క" అనేవాడు. అంత చేసీ ఆయన అంచనా ఏనాడూ సరిపోయింది లేదు. అయితే ఎక్కువ, లేకపోతే తక్కువ.

దానికి తోడు మా చిత్తూరు వాళ్ళందరికీ ఉన్న తెగులు ఆయనకు ఇంకాస్త ముదిరింది. తమిళనాడు బార్డరు దాటితే పెట్రోలు చౌక. కాబట్టి వేలూరు వైపు పోయేవాడెవడూ ఊళ్ళో పోయించడు, అడుగంటిన ట్యాంకుతోనే బార్డరు బంకు దాకా పోతాడు. అమ్మకు కళ్ళు చూపించడానికి వేలూరు బయలుదేరినప్పుడు బార్డరు కనుచూపు మేరలో ఉండగా బండి ఆగిపోయింది. అమ్మను లోపలే కూర్చోబెట్టి నాయనా నేనూ మిట్టమధ్యాహ్నం కారును తమిళనాడులోకి తోశాం. "ఆ నాలుగు రూపాయలు ఊళ్ళోనే పెట్టి పోయించుకుంటే ఏం పోయేది మామా?" అని అరిచాను. స్టీరింగు వదలకుండా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు మాత్రం ఏం పోయింది? కాళ్ళు గట్టిపడినాయి కదా" అన్నాడు. నవ్వు కూడా రాలేదు నాకు.

ఇంతకంటే విసుగెత్తించేది ఒకటుంది. తిరిగి వచ్చేటప్పుడు మనుషులు తగ్గినా ఆయన లెక్కలో తగ్గేవాళ్ళు కాదు. అమ్మమ్మను గూడూరులో పెద్దమ్మ ఇంట్లో వదిలి వస్తామన్నా సరే, వచ్చేటప్పుడు కూడా అమ్మమ్మకు పెట్రోలు వేసేవాడు. చాదస్తమనుకుని నాయన ఊరుకునేవాడు. నేనూ ఊరుకునేదాన్నే, నా దాకా రాకపోయి ఉంటే.

డిగ్రీ అయ్యాక నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల ఊరు దాటి ఉద్యోగానికి పోవడం అదే మొదలు. నాయన నెల రోజులు ముఖం మాడ్చుకుని, చివరికి ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు: "ఉండలేనని తిరిగొచ్చినావంటే మళ్ళా ఉద్యోగం మాట ఎత్తకూడదు." ఆ మాట నా మెడ మీద కత్తిలా ఉండేది. ఏం జరిగినా తిరిగి రాకూడదు. రేపు ప్రయాణమనగా మామ వచ్చి వసారాలో కూర్చున్నాడు. కాఫీ తాగి, వేళ్ళు మడిచి, "పోయేటప్పుడు నలుగురు. వచ్చేటప్పుడు నలుగురు" అన్నాడు.

"ముగ్గురు మామా. నేను అక్కడే ఉండిపోతాను" అన్నాను.

"ఉండనీలే. లెక్కలో ఉంటే యాడికి పోతాది?"

ఒళ్ళు మండిపోయింది. శుభమా అని బయలుదేరుతుంటే ఈ అపశకునపు మాటేమిటి? "నేను ఓడిపోయి వస్తానని ఇప్పుడే రాసిపెట్టుకున్నావా? నా ఒక్కదాని బరువుకు ఎంత కాలుతుంది, చెంచాడు పెట్రోలు!" అని అరిచాను. నాయన నన్ను కసిరాడు. మామ మాత్రం ఆ చెంచాడూ లెక్కలో కలిపేసి మరీ లేచాడు.

మర్నాడు దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు. రేణిగుంట, ఏర్పేడు, కాళహస్తి దాటి ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి నాయుడుపేట చేరాం. హాస్టలు నేను అనుకున్నట్టు లేదు. రేకుల కప్పు, గడియ సరిగా పడని తలుపు, నాతో ఉండాల్సిన అమ్మాయిలెవరూ ఇంకా రాలేదు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నాయన గోడవైపు చూస్తూ, "చెప్పు, ఏమంటావు?" అన్నాడు. ఆయన గొంతులో నా కోసం దిగులు ఎంత ఉందో, నేను ఓడిపోవాలన్న ఆశ ఎంత ఉందో నాకు తెలియలేదు. పెట్టె తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

మామ డిక్కీ తెరిచి పెట్టి దాని నీడలో నిలబడి ఉన్నాడు. పెట్టె కిందికి దించలేదు. "ఎందుకు దించలేదు? నేను వచ్చేస్తానని నీకు ముందే తెలుసా?" అని ఏడుపును కోపంలో దాచుకుని అడిగాను.

ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. "నువ్వు వస్తావో ఉంటావో నాకేం తెలుసమ్మా? అది నీ ఇష్టం. బండిలో సోటు లేదనో, పెట్రోలు సాలదనో ఎవురూ యాడా ఉండిపోకూడదు. మా అక్క అట్లనే ఉండిపోయింది, అత్తగారింట్లో. బస్సు సార్జీ లేక." నా వైపు తిరిగి, "నువ్వు ఉండాలంటే ఉండు. కానీ ఉండాలనిపించి ఉండు, దారి లేక ఉండొద్దు" అన్నాడు.

ఆ మాట నిన్న వసారాలో చెప్పి ఉంటే ఏం పోయేది! ఇంత దూరం పళ్ళు బిగించుకుని వచ్చానే! అంత ఏడుపులోనూ నాకు పట్టరాని విసుగు వచ్చింది. కానీ అప్పటిదాకా తట్టనిది అప్పుడు తట్టింది. తిరిగి పోవచ్చు. కారు ఉంది, అందులో నా సీటు ఉంది, దానికి పెట్రోలు ఉంది. పోవచ్చని తెలిశాక పోవాలనిపించలేదు. పెట్టె నేనే దించుకున్నాను.

ఆ తర్వాత ఆయనతో ఇంకో రకం వేధింపు మొదలైంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా అంగడిలోంచి కేకేసేవాడు: "పద్మా, నీ వాటా పెట్రోలు బండిలో అట్నే ఉండాది!" ప్రమోషన్ వచ్చిందన్నా అదే మాట, పెళ్ళి కుదిరిందన్నా అదే మాట. పెళ్ళిలో మా అత్తగారి ముందు కూడా అన్నాడు, సిగ్గుతో చచ్చిపోయాను. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. "ఇంకా ఆ పాత జోకేనా మామా" అని ముఖం మీదే అనేదాన్ని. మామ పోయాక ఆ కారును ఎవరో తీసుకుపోయారు. అంగడి ముందు నుంచి నడిచినప్పుడు ఇప్పటికీ ఆ కేక కోసం చెవి అటు తిరుగుతుంది, ఏ చప్పుడూ రాదు. అప్పుడు మాత్రం ఆయన మీద నిజంగా కోపం వస్తుంది.

ఏర్పేడులో లహరి హాస్టలు గది బాగానే ఉంది. నా గదితో పోలిస్తే స్వర్గం. అయినా సామాను సర్దాక అది కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. మామ మాట దానికి చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "బండిలో పెట్రోలు బాగా ఉంది" అన్నాను. "అబ్బా, అమ్మా!" అని విసుక్కుంది. కానీ కారు దాకా వచ్చింది. అద్దంలోంచి పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఒకసారి చూసి, వెనక్కి నడిచింది.

ఇల్లు చేరేసరికి ముల్లు ఇంకా పైనే ఉంది. "చూశావా, అనవసరంగా పోయించావు. రేపు నాకు తిరుపతిలో పనుంది, ఇది సరిపోతుందిలే" అంటూ మా ఆయన తాళాలకు చెయ్యి చాచాడు.

"నీకు కావాలంటే నువ్వు పోయించుకో" అన్నాను. "అది పిల్ల వాటా."