మాటలు ఒకరివి, బాణీ ఒకరిది

మాచర్ల స్టేషన్ రోడ్డులో మైక్‌సెట్ కొట్టున్న అంకమ్మరావు చదివింది ఊరిబళ్లో అయిదో తరగతి. కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలకు ముప్ఫయ్యేళ్లు మైకులు కట్టానని, ఈ ఊరి మొట్టమొదటి రాక్ బ్యాండుకు ఊరికే స్పీకర్లిచ్చింది తానేనని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. చెబుతూ చెవిమీది పెన్సిల్ తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుంటాడు. ఆ బ్యాండు పిల్లలు కిషోర్, నాగుల్ మీరా పోట్లాడుకుని విడిపోయి పన్నెండేళ్లు. పాటల్లో మాటలు కిషోర్‌వి, బాణీలు మీరావి. కిషోర్ ముందు మీరా దిగదుడుపేనన్నది అంకమ్మరావు తీర్పు.

మొన్న యాంప్లిఫయర్ బాగుచేయించుకోవడానికి మీరాయే వచ్చాడు. "ఏందిరా, బాణీదేముంది, ఎవడైనా కడతాడు. కిషోర్‌గాడిలా 'మిర్చి కళ్లంలో పడ్డ వానవి' అని ఒక్క మాట రాయగలవంట్రా నువ్వు?" అన్నాడు అంకమ్మరావు.

మీరా నవ్వాడు. "ఆ మాట రాసింది నేనే బాబాయ్. మాటలన్నీ నావే, బాణీలు వాడియ్యి. మొదటి కచేరీ బ్యానర్ మీద పేర్లు తారుమారుగా రాసింది నువ్వే. స్పీకర్లిచ్చిన పెద్దోడివని మేం నోరెత్తలా."

అంకమ్మరావు చెవిమీది పెన్సిల్ తీసి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడు. "మరి కిషోర్‌గాడు ఏటా తిరునాళ్లకొచ్చి, నా పొగడ్తలన్నీ వింటా కూర్చుంటాడేరా!"

"వింటాడు. బయటికిపోయి నాకు ఫోన్ చేసి, 'ఇయ్యాల ముసలాయన నీ మాటల్ని చానా మెచ్చుకున్నాడ్రా' అంటాడు. మేం మాట్లాడుకునేది ఏడాదికి ఆ ఒక్కసారే. నువ్విప్పుడు ఆ తప్పు దిద్దమాక బాబాయ్."